వైరు లేని ఆంప్

రేపటి కచేరీకి గిటారు శబ్దాన్ని పెంచే బరువైన పాత వాల్వుల ఆంప్ పెట్టెను మోసుకెళ్లాలా, ఏ ఆంప్ గొంతునైనా అనుకరించే కొత్త హైబ్రిడ్ ఆంప్ సరిపోతుందా? అది తేల్చుకోవడానికే గిటారిస్టు ఆ రాత్రి రిహార్సల్ గదిలో ఒక్కతే కూర్చుంది. గిటారును కొత్తదానికి తగిలించి ఒక వరస వాయించి ఆపింది. గది సద్దుమణిగాక, మూలనున్న పాతదాని గాజు వాల్వులు వెలిగి ఎర్రబడ్డాయి. అదే వరస అందులోంచి కాస్త నెమ్మదిగా వినిపించసాగింది.

డ్రమ్ములు వాయించే తమ్ముడికి ఫోన్ చేసింది.

"పాతదాన్ని ఆన్‌లో వదిలేసి పోయావేంట్రా?"

"ఎలా ఉంటుందక్కా? దాని కరెంటు వైరు పీకి ఇంటికి తెచ్చేశాగా. ఉంటే మళ్లీ దాన్నే పట్టుకుని వేలాడతావని. అవునూ, అక్కడ వాయిస్తున్నదెవరు? చెయ్యి బాగుందే."

ఆమె పాతదాని వెనక్కి వంగి చూసింది; వైరు లేదు. కాళ్లు తలుపు వైపు లాగాయి.

"ఎవరైనా కానీ, ఈ గదిలో లీడ్ గిటారు వాయించేది నేనే," అని ఫోన్ పెట్టేసి, కుర్చీని ఆ పాత పెట్టెకు ఎదురుగా లాక్కుంది. తను ఇంకా సగమే కట్టిన, ఎవరికీ వినిపించని పాట ఎత్తుకుంది. పాట సగంలో ఆగగానే పెట్టె మిగతా సగం అందుకుని చివరిదాకా వాయించింది.

ఆమె లేవలేదు.

"అలా కాదు," అని మళ్లీ మొదటినుంచి ఎత్తుకుంది.