రుచి చూసే మనిషి

"ఉప్పు వేశానా?" అడిగాడు వంటమాస్టరు, మరుగుతున్న నీళ్ళ గిన్నెలోకి చూస్తూ.

"వేశారు. ఇప్పుడే కదా" అంది భార్య.

"నూనె చుక్క?"

"అదీ వేశారు. కంగారు పడకండి."

అతనికి కంగారేమీ లేదు. అదే వింతగా ఉంది. హోటల్ నడిపే అక్క ఇంకాసేపట్లో భోజనానికి వస్తుంది. అతని చేతి నూడుల్స్ తిని, పనిలో ఉంచుకోవాలో వద్దో తేల్చి చెబుతుంది. ఇల్లు గడవడమంతా ఆవిడ నోట్లో పడబోయే మొదటి ముద్ద మీద ఉంది. అయినా గుండె దడ లేదు. మొన్నటి జ్వరం నాలుక మీది రుచిని, ముక్కులోని వాసనని పట్టుకుపోయింది. వాటితో పాటు భయాన్ని కూడా పట్టుకుపోయినట్టుంది.

నూడుల్స్ ఒక పోగు తీసి గోటితో నొక్కాడు. లోపల ఇంకా సన్నటి పలుకు తగిలింది. వెంటనే దించి నీళ్ళు వంపేసి, చన్నీళ్ళలో జాడించి, కాస్త నూనె పట్టించి పళ్ళెంలో పరిచాడు. ఇంతవరకూ నాలుకతో పనిలేదు. అసలు చిక్కంతా బాణలి దగ్గరే.

"ఈ పొయ్యికి హోటల్ మంట రాదు. రెండు వాయిలుగా చేద్దాం. ఒక్కసారే వేస్తే ముద్దయిపోతుంది."

"మీరు వేస్తూ ఉండండి, నేను చెబుతూ ఉంటాను."

బాణలి పొగలు కక్కింది. నూనె పోసి వెల్లుల్లి తరుగు వేశాడు.

"వాసన వచ్చిందా?"

భార్య బాణలిలోకి వంగి చూసింది. "వచ్చింది. ఇక కూరగాయలు వేసెయ్యండి."

క్యాబేజీ, క్యారెట్ వేసి ఎగరేశాడు. నూడుల్స్ వేశాడు. సోయా సాస్ సీసా వంచి బాణలి అంచు వెంట పోశాడు. చుయ్యిమంది. సీసా నిలబెట్టి భార్య వంక చూశాడు. ఆమె చెంచాతో రెండు పోగులు తీసుకుని నమిలింది.

"చాలు."

వెనిగర్ పోశాడు.

"చాలు."

మిరియాల పొడి దగ్గర అతని వేళ్ళు గాల్లో కాసేపు తచ్చాడాయి.

"ఇంకొంచెం" అంది. చల్లాడు. "ఆఁ, సరిపోయింది."

అతనూ ఒక పోగు నోట్లో వేసుకున్నాడు. తడిసిన దారం నమిలినట్టుంది.

"నిజమే చెబుతున్నావా?"

"నచ్చకపోతే దాచుకునే రకమా నేను? పెళ్ళైన కొత్తలో మీరు చేసిన సూపు మీ కళ్ళముందే సింకులో పారబోయలేదూ?"

నవ్వాల్సిన మాటే. నవ్వు రాలేదు.

రెండో వాయి దించుతుండగా అక్క వచ్చింది. చెప్పులు విప్పి నేరుగా వచ్చి కుర్చీలో కూర్చుంది.

"చిక్కిపోయావు తమ్ముడూ."

"లేదక్కా, బాగానే ఉన్నాను."

"ముందే చెబుతున్నా, నా దగ్గర మొహమాటాలుండవు. మొన్న నువ్వు పంపిన ప్లేటు హోటల్‌కొచ్చినవాళ్ళు ఒక్క ముద్ద తిని పక్కకి తోసేశారు. నోట్లో పెడితే ఉప్పు కషాయం. నీ చోట ఇంకో మనిషిని మాట్లాడి ఉంచాను. ఇవాళ బాగుంటే అతన్ని రావద్దంటాను. బాగోలేకపోతే నిన్ను."

"సరే అక్కా" అన్నాడు. ఆ మాట ఇంకెవరితోనో అన్నట్టు వినిపించింది.

పొగలు పోతున్న ప్లేటు తెచ్చి ముందు పెట్టాడు. అక్క ఫోర్కుకి చుట్టుకుని తినసాగింది. భార్య ఎదురు కుర్చీ వీపుని గట్టిగా పట్టుకుని నిలబడింది. ఆమె వేళ్ళు తెల్లబడ్డాయి. అతను మాత్రం అక్క దవడ కదలడాన్ని ఎవరింట్లోనో జరుగుతున్న సంగతిలా చూస్తూ ఉండిపోయాడు.

సగం ప్లేటయ్యాక అక్క ఫోర్కు కింద పెట్టింది.

"చేసింది నువ్వేనా?"

"నేనే."

"మరి ఉప్పూ పులుపూ ఎవరు చూశారు?"

అబద్ధం చెప్పాలన్న ఊహ కూడా కదల్లేదు అతనిలో. "తనే. జ్వరంతో నా నాలుకకి రుచి పోయింది. తను నోట్లో వేసుకుని చాలంటేనే ఆపాను."

అక్క అతని భార్య వైపు తిరిగింది. ఆమె తల దించుకుంది.

"ఇంకొంచెం పెట్టు చెల్లీ" అంది అక్క. రెండోసారి పెట్టిందీ తిని, మూతి తుడుచుకుని లేచింది. "ఎల్లుండి నుంచి పనిలోకి రా తమ్ముడూ. చెల్లినీ వెంటబెట్టుకురా. నీ నాలుక తిరిగొచ్చేదాకా నీ పక్కనే నిలబడి రుచి చూస్తుంది. ఆమె జీతం ఆమెకి వేరే. ఇంత తూకంగా చెప్పే మనిషిని ఇంట్లో కూర్చోబెడతావా?"

అక్కని గుమ్మం దాకా సాగనంపి, తలుపు వేసి వచ్చాడు. సంతోషం కోసం లోపల వెతుక్కున్నాడు. ఎక్కడా తగల్లేదు. భార్య ఇందాకటి కుర్చీలోనే కూలబడి ఉంది. ఆమె మొహం పాలిపోయింది.

"విన్నావుగా" అన్నాడు ఎదురుగా కూర్చుంటూ. "నీ నాలుకే లేకపోతే ఈపాటికి రోడ్డున పడేవాళ్ళం. ఇద్దరం కలిసే వెళ్దాం."

"నేను రానండీ."

"ఎందుకని?"

ఆమె అక్క తిన్న ఖాళీ ప్లేటుని పక్కకి జరిపింది.

"నాకూ మీతో పాటే పోయింది, రుచీ వాసనా రెండూ. చెబితే మీరిక గరిటె ముట్టరని చెప్పలేదు... మీ చెయ్యి ఆగితే చాలన్నాను, తచ్చాడితే ఇంకొంచెం అన్నాను."