ఏకాకి ప్రపంచయాత్ర

జలపాతం ఎదుట ఆయన చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డారు. చూపు దూరంగా, గడ్డం కాస్త పైకి. ఫొటో బాగా వచ్చింది. ఆ వారం పత్రికలో దాని కింద ఇలా రాశారు: "ఆ హోరులో నేనూ, నా నిశ్శబ్దమూ తప్ప మూడో ప్రాణి లేదు."

నిజానికి ఆ చుట్టుపక్కల ప్లాస్టిక్ రెయిన్‌కోట్లు తొడుక్కుని ఐస్‌క్రీం తింటున్న జనం ఓ ఊరికి సరిపోతారు. వాళ్ళు ఫొటోలో పడలేదు, అంతే.

ఆయన కాలేజీలో చరిత్ర చెప్పి రిటైరయ్యారు. చెప్పినన్నాళ్ళూ వెనక బెంచీలు నిద్రపోయాయి. రిటైరయ్యాక ప్రపంచం చుట్టి రావాలనిపించింది. టికెట్లు కొన్నాక ఓ వారపత్రిక ఎడిటర్ని కలిసి, ప్రతి మజిలీ నుంచీ ఓ వ్యాసం పంపుతానన్నారు. ప్రపంచం చుట్టొచ్చినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, ఇందులో కొత్తేముందని ఎడిటర్ పెదవి విరిచాడు. ఆయన కాసేపు ఆలోచించారు.

"ఒంటరిగా" అన్నారు.

ఎడిటర్ కుర్చీలో ముందుకి జరిగాడు. శీర్షికకి 'ఏకాకి' అన్న పేరు అక్కడికక్కడే ఖాయమైపోయింది.

జలపాతం తర్వాత పెద్ద మ్యూజియం. పేరుమోసిన ఓ బొమ్మ ముందు కన్నీళ్ళు ఆగలేదని రాశారు. ఆగని మాట నిజమే. కొత్త బూట్లు మడమలు కొరికేశాయి. సాయంత్రానికి బొబ్బల మీద మందు పడింది, సంచి అడుగు నుంచి పాత చెప్పులు బయటికొచ్చాయి. "నొప్పిని ఒంటరిగా మోసినవాడికే కళ కనబడుతుంది" అన్న వాక్యానికి పాఠకులు పడి చచ్చారు.

ఆ పై వారం ఓ రైల్వే జంక్షన్లో ఆయన ధీమాగా ఎదురు దిక్కుకి పోయే బండెక్కి, కిటికీ పక్కన సర్దుక్కూర్చుని కళ్ళు మూసుకున్నారు. బండి కదిలేలోపు సంగతి తెలిసి, సామానుతో సహా దిగి, అవతలి ప్లాట్‌ఫాం మీద సరైన బండిలో పడ్డారు. దానికి 'నా లోపలి దిక్సూచి' అని పేరు పెట్టి రెండు పేజీలు లాగించారు.

ఎడారిలో మాత్రం నిజంగానే ప్రాణం మీదికొచ్చింది. ఎండదెబ్బ తగిలి గుడారంలో పడిపోయారు. ఒళ్ళు పెనంలా కాలిపోయింది. చచ్చిపోయిన తల్లిని పిలిచారు, చిన్నప్పటి లెక్కల మేష్టార్ని తిట్టారు. నుదుటి మీద తడిగుడ్డ ఆరకుండా మారుతూనే ఉంది. చెంచాతో నీళ్ళు గొంతులోకి దిగుతూనే ఉన్నాయి. జ్వరం విడిచి లేచి కూర్చున్నాక, పెన్ను అడిగి పుచ్చుకుని మరీ రాశారు: "చావు అంచున చేయి పట్టుకునేవారు లేరు. నా చేయి నేనే పట్టుకున్నాను."

అది చదివి జనం కళ్ళు తుడుచుకున్నారు. ఓ కాలేజీ అమ్మాయి ఆ వాక్యాన్ని గోడకి అంటించుకుంది. ఫొటోలు ఎవరు తీస్తున్నారని ఓ పాఠకుడు అడిగితే, ఎవరో దారిన పోయేవాళ్ళని జవాబిచ్చారు. వాళ్ళ పేరైనా అడగననీ, ఒంటరి ప్రయాణమంటే అదేననీ చెప్పారు.

తిరిగొచ్చేసరికి ఆయన పేరు మారుమోగిపోతోంది. వ్యాసాలు పుస్తకమయ్యాయి. ఆవిష్కరణ సభకి హాలు నిండింది. ఆయన భార్య మొదటి వరుసలో, ఆయన మందుల సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఇంత ప్రపంచం చూసినవారు ఆవిడకి కూడా చూపించాల్సిందని సభలో ఎవరో అన్నారు.

ఆయన మైకు దగ్గరికి జరిగారు. "మా ఆవిడకా? వీధి చివరి కొట్టుకెళ్ళినా దారి తప్పుతుందండీ."

హాలంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. తర్వాత ఒళ్ళో సంచీ తీసి పక్క కుర్చీలో పెట్టింది.

ఆ వేదిక మీదే ఓ ట్రావెల్ ఏజెన్సీ యజమాని లేచి, ఏకాకిగారి రెండో ప్రపంచయాత్ర ఖర్చంతా తనదేనని ప్రకటించాడు. చప్పట్ల మధ్య ఆయన ఒప్పేసుకున్నారు. వారం తిరక్కుండా ఊరంతా పోస్టర్లు పడ్డాయి: 'మళ్ళీ ఒంటరిగా.'

అక్కణ్ణుంచి మొదలయ్యాయి సాకులు. ముందు మోకాలు నొప్పన్నారు. యజమాని డాక్టర్ని పంపితే, మోకాలు భేషుగ్గా ఉందని ఆ డాక్టరు తేల్చాడు. తర్వాత ఆ దేశాల్లో వానలన్నారు. వానలు వెలిశాయి. పాస్‌పోర్టు కనబడ్డం లేదన్నారు. తన ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుంటుందో ఆయనకి ఎప్పుడూ తెలియదు కాబట్టి, అది నిజమే కావచ్చు. ఓ రోజు పట్టుదలగా పెట్టె సర్దుకోడానికి కూర్చున్నారు. మధ్యాహ్నానికి పెట్టెలో నాలుగు టైలూ ఓ దువ్వెనా ఉన్నాయి. ఆవిడ పక్క గదిలో పేపరు చదువుకుంటోంది. ఆయన రెండుసార్లు గుమ్మం దాకా వచ్చి, ఆవిడ తలెత్తకపోయేసరికి వెనక్కి వెళ్ళారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తడం కూడా మానేశారు.

యజమాని ఓ ఉదయం నేరుగా ఇంటికే వచ్చాడు. ఆవిడ తలుపు తీసింది. లోపలి గదిలో గబగబా దుప్పటి కప్పుకున్న చప్పుడైంది. ఆయన పడుకున్నారని చెప్పి, కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది.

యజమాని కాఫీ ముట్టకుండా గోడు వెళ్ళబోసుకున్నాడు. పోస్టర్లు చూసి ఎప్పుడెప్పుడని అందరూ అడుగుతున్నారట. పోటీ ఏజెన్సీ వాళ్ళయితే మొహం మీదే నవ్వుతున్నారట.

"మీరైనా చెప్పండమ్మా" అన్నాడు. "ఎడారిలో చావుతో ఒంటరిగా పోరాడిన మనిషికి ఇప్పుడేమొచ్చింది?"

ఆవిడ మూసి ఉన్న గది తలుపు వైపు ఓసారి చూసింది. గొంతు మాత్రం తగ్గించలేదు.

"ఈసారి నేను రానన్నానండీ."