ఒక్క అభ్యంతరం

మారేడ్‌పల్లిలో గోదావరి ఎన్‌క్లేవ్ గేటు ముందు ఒక ముసలాయన రోడ్డు కొలుస్తున్నాడు.

టేపు ఒక కొస మీద రాయి పెట్టి, రెండో కొస పట్టుకుని అవతలి గోడ దాకా నడిచాడు. అంకె చూసి, జేబులోంచి చిన్న పుస్తకం తీసి రాసుకున్నాడు.

వాకింగ్ నుంచి వస్తున్న రామ్మోహనరావు గారి కంట ఇది పడింది.

ఆయన ఆ అపార్ట్‌మెంట్ సంఘానికి ఆరేళ్లుగా సెక్రటరీ. గేటు మీద ‘ఇది రెసిడెన్షియల్ జోన్, వ్యాపారాలు నిషేధం’ అన్న బోర్డు ఆయన రాయించిందే. దాని కింద నిలబడితే ఆయనకు ఒక అంగుళం ఎత్తు పెరిగినట్టు ఉంటుంది.

"ఎవరండీ మీరు? ఏం కొలుస్తున్నారు?"

"రోడ్డు సార్. జెర ఆ కొస పట్టుకుంటారా? రాయి జరుగుతున్నది."

రామ్మోహనరావు గారు పట్టుకోలేదు.

ముసలాయన తన పేరు ఏసురత్నం అని చెప్పి, నిదానంగా సంగతి వివరించాడు. పక్కనున్న ఖాళీ స్థలంలో ఫంక్షన్ హాల్ కడతారట. అందుకోసం ఆ స్థలాన్ని ఇళ్ల జోన్ నుంచి వ్యాపార జోన్‌కి మార్చమని దరఖాస్తు పడింది. అభ్యంతరాలుంటే పదిహేను రోజుల్లో చెప్పమని పేపర్లో ప్రకటన కూడా వచ్చింది. హాల్ కట్టాలంటే నలభై అడుగుల రోడ్డు ఉండాలి. ప్లానులో నలభై అనే చూపించారు. ఈ మలుపులో ముప్పై మూడుకు మించి లేదు.

అలాంటి ప్రకటన తన కంట పడకుండా పోదన్నారు రామ్మోహనరావు గారు. పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే మనిషినన్నారు. ఆ పేజీ అప్పటికే ఆయన భార్య సుబ్బులు గారి వంటింటి అలమరలో, పప్పుల డబ్బాల కింద పరుచుకుని ఉంది.

"అయినా మీకెందుకు ఇదంతా?"

"లేని అడుగులు ఉన్నయని రాస్తే ఎట్ల సార్? కొలత కొలతే."

రామ్మోహనరావు గారికి అనుమానం వచ్చింది. ఊరికే పొద్దున్నే లేచి ఎవరైనా రోడ్డు కొలుస్తారా?

"ఆ హాల్ వాళ్లే పంపారు కదూ మిమ్మల్ని?"

ఏసురత్నం నవ్వాడు. "ఈ సంగతి తెలిస్తే వాళ్లు నాకు అన్నం సుత పెట్టరు సార్."

సంచిలోంచి ఒక కాగితం తీసి, ఇరవై నాలుగు ఇళ్ల వాళ్లూ సంతకాలు పెడితే బాగుంటుందన్నాడు. ముక్కూ మొహం తెలియని మనిషి కాగితం మీద సంతకాలేమిటని రామ్మోహనరావు గారు కసిరారు.

ఆ మాటలకు కింది ఫ్లాటులోంచి రోసమ్మ టీచర్ బయటికొచ్చింది. రిటైరయ్యాక ఇంట్లోనే నలుగురు పిల్లలకు ట్యూషన్ చెబుతోంది. అదీ వ్యాపారమేనని రామ్మోహనరావు గారు ఆమెకు అప్పటికే ఒక నోటీసు ఇచ్చి ఉన్నారు.

ఆమె ఆ నోటీసు సంగతి చెప్పగానే ఏసురత్నం బోర్డు వైపు చూశాడు. "సొంతింట్ల పాఠం చెప్పుకోవచ్చు సార్. రూల్‌లనే ఉంది. మీ బోర్డు తప్పు."

బోర్డు జోలికొస్తే ఊరుకుంటారా? మళ్లీ ఈ గేటు దగ్గర కనిపిస్తే పోలీసులకు చెబుతానని రామ్మోహనరావు గారు లోపలికి వెళ్లిపోయారు.

రోసమ్మ కాగితం తీసుకుని మొత్తం చదివింది. గోడకు ఆనించి సంతకం పెట్టింది. తర్వాత వంగి, టేపు కొస పట్టుకుంది.

ఫంక్షన్ హాల్ సంగతి నిజమేనని అందరికీ తెలిసేసరికి గడువు దాటిపోయింది. అపార్ట్‌మెంట్ అంతా కంగారుపడింది. ఇక రాత్రింబవళ్లు బరాత్‌లు, బ్యాండు మేళాలు, గేటుకు అడ్డంగా కార్లు. రామ్మోహనరావు గారు టౌన్ ప్లానింగ్ ఆఫీసుకు మూడు ఘాటైన ఉత్తరాలు రాశారు.

మూడు నెలలకు కబురొచ్చింది. దరఖాస్తు కొట్టేశారు.

సెల్లార్‌లో సభ పెట్టారు. పూతరేకులు పంచారు. రామ్మోహనరావు గారికి శాలువా కప్పితే, ఆయన తన మూడు ఉత్తరాల గురించి అరగంట మాట్లాడారు. ఆ పెద్దాయన్ని కూడా పిలవాల్సిందని రోసమ్మ అంది. చప్పట్లలో ఎవరికీ వినపడలేదు.

ఆ ఆర్డరు కాపీకి ఫ్రేము కట్టించి బోర్డు పక్కన పెట్టాలని రామ్మోహనరావు గారు మర్నాడే ఆఫీసుకు వెళ్లారు. ఫైలు చూసే హిమజ అనే అమ్మాయి ఆయన ఉత్తరాలను గుర్తుపట్టింది.

"అవి గడువు దాటినంక వచ్చినయి సార్. లెక్కలకు తీసుకోలే."

ఫైల్లో ఉన్నది ఒకే ఒక్క అభ్యంతరం. కింద రెండు సంతకాలు. ఏసురత్నం, రోసమ్మ. వెనక పేజీలో పదకొండు చోట్ల తీసిన రోడ్డు కొలతలు.

హిమజ ఆ కాగితాన్ని అరచేత్తో సాపు చేసింది.

"ఈయన మా ఆఫీసులనే టేపు పట్టే చైన్‌మ్యాన్‌గ చేసి రిటైరయిన్రు. మా సార్లు వచ్చి మళ్ల కొలిచిన్రు. ఒక్క అంగుళం తేడా రాలే."

ఇంట్లో మనిషి గురించి చెప్పుకున్నంత గర్వంగా చెప్పింది.

రామ్మోహనరావు గారికి నిన్నటి శాలువా ఇంకా భుజాల మీద ఉన్నట్టే అనిపించింది. అది ఎవరికి కప్పాల్సిందో అర్థమైంది. ఆయనకు సిగ్గేసింది. అలాంటి మనిషి తమ గేటు ముందు నిలబడ్డాడని గర్వంగానూ ఉంది. అడ్రసు ఇస్తే ఇప్పుడే వెళ్లి కలుస్తానన్నారు.

"ఇప్పుడు అక్కడ లేరు సార్."

ఆయనకు పంపిన ఆర్డరు కాపీ కవరు తిరిగొచ్చి ఫైల్లోనే ఉంది. సీతాఫల్‌మండి ఇంటి నంబరు మీద ఎర్ర సిరాతో రాసి ఉంది: ఇల్లు విడిచి వెళ్లారు.

"ఎందుకు వెళ్లారమ్మా?"

హిమజ ఫైలు మొదటికి తిప్పి, ఫంక్షన్ హాల్ దరఖాస్తు మీద వేలు పెట్టింది.

అదే సీతాఫల్‌మండి, అదే ఇంటి నంబరు. దరఖాస్తుదారు పాల్, తండ్రి పేరు ఏసురత్నం.