తెర మూలన చేతులు

"ఇది చదువు. సాయంత్రం వార్తల్లో నీ చేతులతో ఇదే చెప్పాలి," అంటూ ఎడిటర్ ఒక కాగితాన్ని బల్ల మీద ముందుకు తోశాడు.

సైగలక్క చదివింది. ఆ చానల్లో ఆమెను అందరూ పిలిచేది అలాగే. వార్తలు వస్తున్నంతసేపూ తెర కింద కుడి మూలనున్న చిన్న పెట్టెలో నిలబడి, వినబడనివాళ్ల కోసం ప్రతి మాటనూ సైగల్లో చెప్పడం ఆమె పని. కాగితంలో ఉన్నది క్షమాపణ. 'నిన్న రక్షణ మంత్రిగారి ప్రసంగానికి నా సొంత మాటలు కలిపాను. అందుకు సిగ్గుపడుతున్నాను.'

"చెప్పను సార్," అంది.

ఎడిటర్ నెత్తి కొట్టుకున్నాడు. పాపం, ఆయన బాధ ఆయనది. నిన్న మంత్రి సభలో నిలబడి, "ఈ యుద్ధంలో మన బాంబు ఒక్క బడి మీద కూడా పడలేదు" అని బల్ల గుద్ది చెప్పాడు. జనం చప్పట్లతో హోరెత్తించారు. ఆ హోరులో సైగలక్క చేతులు మాత్రం ఆగలేదు. 'నమ్మేస్తున్నారు చూడు, వెర్రి జనం' అన్నాయి.

సైగలు తెలిసిన ఎవరో ఆ ముక్కను కత్తిరించి, కింద అక్షరాలు వేసి నెట్లో పెట్టారు. తెల్లారేసరికి ఊరూవాడా పాకిపోయింది. దానికి పాట కట్టారు, స్టిక్కర్లు చేశారు, కాలేజీ పిల్లలు అదే సైగతో రీళ్లు తీసి వదిలారు. సగం మంది ఆమెను వీరనారి అన్నారు, మిగతా సగం దేశద్రోహి అన్నారు. నిన్నటి నుంచి తమ చానల్ చూసేవాళ్లు మూడింతలయ్యారన్న సంగతి మాత్రం ఎడిటర్ ఎత్తలేదు.

"నీ అభిప్రాయం ఎవరడిగారు? ఆయన అన్నది అన్నట్టు చెప్పడమే కదా నీ పని!"

"అన్నదే చెప్పాను. ఒక్క ముక్క కూడా కలపలేదు."

"తన సభకి వచ్చిన జనాన్ని తనే వెర్రివాళ్లు అన్నాడా మంత్రి? ఇక్కడ మేమంతా చెవిటివాళ్లమా?"

"చెవిటివాళ్లయితే మీకూ తెలిసేది సార్."

పక్కనే ఉన్న యాంకరమ్మాయి నవ్వు ఆపుకోలేక దగ్గింది. గోడవారన కుర్చీలో మంత్రిగారి కార్యదర్శి కూర్చున్నాడు. క్షమాపణ కాగితం తెచ్చింది ఆయనే.

ఎడిటర్ చరచరా కంప్యూటర్ తిప్పి నిన్నటి ప్రసారం పెట్టాడు. మంత్రి గొంతు, ఆ వెనకే చప్పట్లు. మళ్లీ పెట్టాడు. మళ్లీ చప్పట్లే.

"ఏదీ, ఎక్కడుంది చూపించు!"

సైగలక్క ముఖం పాలిపోయింది. నిన్నటి నుంచీ వీళ్లంతా విని కూడా విననట్టు నటిస్తున్నారనే అనుకుంటోంది ఆమె. తీరా వింటే ప్రసారంలో ఆ మాటే లేదు.

"నా ఇయర్‌ఫోన్‌లోకి మంత్రిగారి మైకు నేరుగా వస్తుంది. అందులో వినబడింది," అంది.

"అబ్బో! నీ ఇయర్‌ఫోన్‌లోకి వేరే మంత్రి వస్తాడు కాబోలు. ప్రతిపక్షం వాళ్లు టికెట్ ఇస్తామన్నారట, అందుకేనా ఈ బెట్టు?"

"ఫోన్ చేశారు. నేనేమీ కలపలేదని వాళ్లకీ చెప్పాను. టక్కున పెట్టేశారు."

యాంకరమ్మాయి వచ్చి భుజం మీద చెయ్యేసింది. "అక్కా, ఒక్క నిమిషం పని. చేతులు జోడించి అయిందనిపించు. రేపు నెట్లో వాళ్లకి ఇంకో తమాషా దొరుకుతుంది, నిన్ను మర్చిపోతారు. ఉద్యోగం పోతే ఎలా చెప్పు? నిజం చెప్పనా, నువ్వు అది కలిపినందుకు నేను లోపల్లోపల ఈల వేశాను."

తిట్లన్నీ ఒక ఎత్తు, ఆ మెచ్చుకోలు ఒక ఎత్తు. సైగలక్కకు కళ్లలో నీళ్లు తిరిగాయి. వెంటనే కోపం వచ్చింది.

"నువ్వూ నేనే కలిపానంటున్నావా? మా అమ్మకి పుట్టుకతో వినబడదు. యుద్ధమైనా, ఎన్నికలైనా ఆమెకి నా చేతులు చెబితేనే తెలుస్తుంది. ఇవాళ నేను తెర మీద నిలబడి, కలిపాను అని ఒప్పుకున్నాననుకో, రేపు వాన పడుతుందని చెప్పినా నమ్మదు. ఆమే కాదు, ఆ పెట్టె వైపే చూసేవాళ్లు ఎవరూ నమ్మరు. మీకు వినడానికి బోలెడు చానళ్లున్నాయి. వాళ్లకి ఉన్నవి ఈ రెండు చేతులే. తీసేస్తే తీసెయ్యండి. నోటితో గానీ చేత్తో గానీ ఆ అబద్ధం మాత్రం ఆడను!"

కాగితాన్ని అడ్డంగా చించి బల్ల మీద పడేసింది.

"అయితే ఇవాళ్టి నుంచి ఆ పెట్టెలో నువ్వుండవు. ఇంటికి పో!" అని ఎడిటర్ విసురుగా బయటికి నడిచాడు. వార్తలకు వేళవుతోందని యాంకరమ్మాయి కూడా తలొంచుకుని ఆయన వెనకే వెళ్లింది.

గదిలో ఇద్దరే మిగిలారు. కార్యదర్శి నెమ్మదిగా లేచి తలుపు వేశాడు. ఇక బెదిరింపులు మొదలవుతాయని సైగలక్కకు అర్థమైంది. కొంగు బిగించింది.

"ఏం చేస్తారు? జైల్లో పెట్టిస్తారా? పెట్టించండి. అక్కడా ఇదే చెబుతాను."

కార్యదర్శి నుదుటి మీద చెమట తుడుచుకున్నాడు. దగ్గరికి వచ్చి, గొంతు బాగా తగ్గించాడు.

"అది కాదమ్మా... మైకుకి చెయ్యి అడ్డం పెట్టుకుని మరీ సారు ఆ మాట నా చెవిలో కదా అన్నారు, నీకెలా వినబడింది?"