నూరు దాకా కళ్లు తెరవొద్దు

"ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది... ఇరవై పది!"

జితేందర్‌కు ఆ పిల్లను ఒక్కటి పీకాలనిపించింది. పీకలేదు. నవ్వాడు.

"ఇరవై పది లేదమ్మా. ముప్పై."

"ఎందుకు లేదు సార్?"

ఆరేళ్ల భవ్యశ్రీ బుర్ర నిండా మగ్గం కింద రాలే నూలు తుక్కే ఉందని అతని గట్టి నమ్మకం. నెల రోజులుగా గద్వాలలోని ఈ నేతింటికి ట్యూషన్ చెప్పడానికి వస్తున్నాడు. పలక పట్టిస్తే పిల్ల ఆవులిస్తుంది. ఆటంటే మాత్రం గంతులేస్తుంది. అందుకే లెక్కలన్నీ ఆటలు చేశాడు. నూలు చుట్టిన కండెల్ని పదేసి చొప్పున కుప్పలు పోయించాడు. పది, ఇరవై అని పదులు లెక్కపెట్టిస్తూ వాటి మీంచి దూకించాడు. చివరకు దాగుడుమూతలకు దిగాడు. కళ్లు మూసుకుని నూరు లెక్కపెట్టాలి, తర్వాత సారును వెతకాలి.

ఈ మొద్దు అక్కడా సతాయించేది. అంకె తట్టనప్పుడల్లా కళ్లు తెరిచి, "తర్వాత ఏంది సార్?" అంటూ వెనకాలే వచ్చేసేది.

తండ్రి వెంకటేశం నిన్న తేల్చి చెప్పాడు.

"రేపటికల్లా నూరు దాకా చెప్పకుంటే ఇగ మీరు రావొద్దు సార్. ఆటలకైతే మా గల్లీ పోరగాండ్లు సాలు."

మగ్గం గుంట దాటి లోకం చూడని మనిషి తనకు గడువు పెట్టడమా! జితేందర్ పళ్లు నూరుకుని తలూపాడు.

ఇవాళ ఆ గడువు. మొగుడూ పెళ్లాం వనపర్తిలో పెళ్లికి పోయారు. ముందు గదిలో మగ్గం మీద నానమ్మ నాగేంద్రమ్మ ఒక్కతే ఉంది.

"గిదేం సదువు సారూ? మా కాలంల గిట్లాడితే ఈపు పగులుతుండె."

"కొత్త పద్ధతి పెద్దమ్మా. నీకు తెల్వదు."

ముసలిదానికి చెప్పినా ఒకటే, గోడకు చెప్పినా ఒకటే. అతడు పిల్లను గోడ వైపు తిప్పాడు.

"నూరు అనేదాకా కళ్లు తెరవొద్దు. తెరిస్తే ఓడినట్టే."

"నూరు అన్నంక తెరవొచ్చు గద?"

"తెరువు తల్లీ, తెరువు."

"ఒకటి, రెండు, మూడు..."

జితేందర్ లోపలి గదిలోకి జారుకున్నాడు. చెవులు మాత్రం బయటే ఉన్నాయి. ఇరవై ఎనిమిది. ఇరవై తొమ్మిది. ఊపిరి బిగబట్టాడు.

"ముప్పై!"

హమ్మయ్య. మొద్దు దారిలో పడింది. ఇక నూరు దాకా ఢోకా లేదు.

"నలభై! యాభై! అరవై! డెబ్భై!"

జితేందర్ చెయ్యి ఆగిపోయింది.

"ఓసి నీ తెలివి సల్లగుండ! కుప్పకు కుప్పే దుంకుతున్నవా?" నాగేంద్రమ్మ పగలబడి నవ్వింది.

"ఎనభై! తొంభై! నూరు! వస్తున్న సార్!"

భవ్యశ్రీ పరదా లాగేసరికి సారు ఇంకా బీరువా ముందే ఉన్నాడు, ఒక చేతిలో దొంగ తాళంచెవి, రెండో చేతిలో నాగేంద్రమ్మ బంగారు గాజులు.