తలంబ్రాల ఫొటో

పెళ్లయి పంతొమ్మిది రోజులు. ఊరు సైన్యం చేతిలో ఉన్నా, హక్కుల లాయరైన మా ఆయన విశ్వం పొద్దున్నే నాకు కాఫీ కలిపిస్తాడు. ఎంత బాగుంటుందో!

ఇవాళ కాఫీ వేళకే సన్యాసమ్మ వచ్చింది. పెళ్లికి నాకు గోరింటాకు పెట్టిన నీలవేణికి తల్లి. రాత్రి ఆ పిల్లని సైనికులు పట్టుకెళ్లారు. వాళ్లు ఎవరిని పట్టుకెళ్లినా, ఆ మనిషి ఫొటోలు అందరి ఫోన్లలోంచీ క్షణంలో చెరిగిపోతాయి.

"నా కూతురనే మనిసే లేదంతన్నారు బాబూ!"

విశ్వం మా పెళ్లి ఆల్బం తెచ్చాడు. ఫొటోలు కాగితం మీద వేయించాడని చుట్టాలంతా వెక్కిరించిన ఆల్బం. తలంబ్రాల ఫొటోలో మా వెనకే నీలవేణి నవ్వుతోంది.

"కోర్టుకి అసలుదే ఇవ్వాలి. మళ్లీ మన చేతికి రాదు," అన్నాడు నెమ్మదిగా.

"నీ ముక్కు మీద బియ్యపు గింజ ఉన్నది ఇదొక్కటే."

"వద్దంటే ఇంకో దారి వెతుకుతాలే."

"వెతికింది చాలు. కత్తెర ఇటివ్వు, పేజీ కోసిస్తాను."

మధ్యాహ్నానికి జడ్జి నీలవేణిని హాజరుపరచమన్నాడు. సాయంత్రానికి మా గుమ్మంలో పదిమంది తల్లులు. విశ్వం మొహమాటంగా నావైపు చూశాడు. నేనే ఆల్బం ఒళ్లో పెట్టుకుని పిలిచాను.

"రండమ్మా, మీవాళ్లు ఏ బంతిలో భోంచేశారు?"