పుట్టిన ఊళ్ళో షికారు

“మోచెయ్యి పట్టుకున్నాడక్కా,” అంది వీబ్కె, సంత మలుపులో గోడ చాటునుంచి తొంగి చూస్తూ.

“ఎవరు, ఎవరిది?”

“ఇంకెవరు? బావే, ఆ పిల్లది. దానికి ముప్పై కూడా ఉండవు.”

ఆంట్యె కంటికి ఆనుతున్నదల్లా ఆ పిల్ల మెడలోని ఎర్ర కండువా ఒక్కటే. అది ఎటు ఊగితే ఆమె తల అటు తిరుగుతోంది.

ఆంట్యె మొగుడు హినెర్క్ ఈ ల్యూబెక్ ఊళ్ళోనే పుట్టాడు. ల్యూబెక్ రేవులోనే ఓడల తాళ్ళు లాగి లాగి ముసలివాడయ్యాడు. అలాంటి మనిషి నాలుగు శనివారాలుగా పేకాటకని చెప్పి ఇల్లు దాటుతున్నాడు. కిందటి వారం వీబ్కె కంట పడ్డాడు. పరాయి ఊరివాడిలా కోట గుమ్మం ముందు నిలబడి, పక్కన ఈ పిల్లతో. పుట్టిన ఊళ్ళో అతనికి చూడని వింతలేమున్నాయి?

నలభై ఒక్క ఏళ్ళ కాపురంలో ఇద్దరి మధ్యా దాపరికం లేదు. వేసవి మొదట్లో వచ్చిన ఒక కాగితాన్ని ఆంట్యె దుప్పట్ల అడుగున దాచిన మాట నిజమే. కానీ అది వేరు. అది మొగుణ్ణి బాధపెట్టడం ఇష్టంలేక.

“ఇప్పుడేం చేస్తున్నారు?”

“చర్చి పక్క రాతి మీద దయ్యం బొమ్మ లేదూ, దాని దగ్గర ఆగారు. అయ్యో, బావ కళ్ళు మూసుకున్నాడు. ఆ పిల్ల ఆయన చెయ్యి పట్టి దయ్యం కొమ్ములు తడిమిస్తోంది. నవ్వుకుంటున్నారు. నువ్వు చూడవేం?”

“చూడబుద్ధి కావడం లేదు. నువ్వు చెప్పు.”

“ఇంట్లో ఎలా ఉంటున్నాడు?”

“అదేనే నా అనుమానం. బూట్లు ఎక్కడ పడితే అక్కడ విసిరేసేవాడు కదా, ఇప్పుడు ఏ వస్తువునీ దాని చోటునుంచి కదలనివ్వడు. లేస్తే కుర్చీ బల్ల కిందికి తోసి మరీ లేస్తాడు. సూపు కాయడం కూడా నేర్చుకున్నాడు.”

“ఇంకేం! తప్పు చేసిన మొగుడే వంటింట్లోకి వస్తాడు. మా ఆయన ఒక ఏడాదంతా గిన్నెలు కడిగాడు. ఆ ఏడాది సంగతి నీకు తెలుసుగా.”

“ఈ పొద్దున ఆయన కాఫీలో నేను చక్కెరకు బదులు ఉప్పు వేసేశాను. మాట్లాడకుండా మొత్తం తాగేశాడు.”

“మనసు ఇక్కడుంటేగా, రుచి తెలియడానికి!”

ఎర్ర కండువా కదిలింది. అక్కచెల్లెళ్ళు వెనకే కదిలారు. ఆంట్యె గోడను రాసుకుంటూ నడిచింది. ఇళ్ళ మధ్య సందులోకి దారి తీసే ఇరుకు గుమ్మం దగ్గర ఆ జంట ఆగింది. మనిషి నడుం వంచితేగానీ దూరలేని గుమ్మం అది.

“ఆ పిల్ల బావ తలమీద చెయ్యి పెట్టి వంచుతోందక్కా. ఆయన కళ్ళింకా మూసుకునే ఉన్నాడు. ఇదేం సరసమే తల్లీ, నడివీధిలో!”

వాళ్ళు లోపలికి పోయాక ఆంట్యె విసురుగా గుమ్మంలో దూరింది. దూలం నుదుటికి ఠపీమని తగిలింది.

“అక్కా! చిన్నప్పుడు దాగుడుమూతలాడిన గుమ్మమే కదే ఇది!”

“కోపంలో ఏం కనపడుతుంది?” అంది ఆంట్యె, నుదురు రుద్దుకుంటూ.

సందు అవతల ఆట తిరగబడింది. ఈసారి ఆ పిల్ల కళ్ళు మూసుకుని హినెర్క్ మోచెయ్యి పట్టుకుంది. అతను ఆమెను ఏటి ఒడ్డుదాకా, ఉప్పు గోదాముల ఎదుటి బల్లదాకా నడిపించుకుపోయాడు. బల్ల వెనక పొద ఉంది. వీబ్కె వద్దంటున్నా ఆంట్యె పొద వెనక్కి చేరింది. ఈ మధ్య ఆమె చెవులు మహా పదునెక్కాయి.

“నీళ్ళెలా ఉన్నాయి?” అంది ఆ పిల్ల.

“బాగున్నాయి.”

“అలా అంటే ఒప్పుకోను. సరిగ్గా చెప్పండి.”

హినెర్క్ మెల్లగా అందుకున్నాడు. “చల్లారిన టీ రంగు. అందులో గోదాముల ఎర్ర ఇటుకలు వణుకుతున్నాయి. బాతొకటి వాటిని చీల్చుకుంటూ పోతోంది. దాని వెనకాలే ఇటుకలు మళ్ళీ అతుక్కుంటున్నాయి.”

ఆ పిల్ల చప్పట్లు కొట్టింది. “ఇక మీకు నేర్పడానికి నా దగ్గరేమీ లేదు!”

వాళ్ళు కళ్ళు మూసుకున్నా, చేతులు పట్టుకున్నా ఆంట్యె ఓర్చుకునేదేమో. ఈ మాటలు ఓర్చుకోలేకపోయింది. పెళ్ళినాడు తన గౌను ఎలా ఉందని అడిగితే “తెల్లగా ఉంది” అన్న మనిషి! నలభై ఒక్క ఏళ్ళు ఆ నోట్లో దాక్కున్న మాటలు ఎవరికోసమో బయటికొచ్చాయి.

ఎర్ర కండువా వంతెన వైపు పోయి మాయమైంది. ఆంట్యె బల్ల ముందుకొచ్చి నిలబడింది.

“ఎవరది?”

హినెర్క్ ఉలిక్కిపడలేదు. “పంతులమ్మ.”

“ఈ వయసులో నీకు చదువా? పేకాటన్నావు!”

“అబద్ధం చెప్పాను.”

“నలభై ఒక్క ఏళ్ళలో నేను నీ దగ్గర ఏదైనా…” ఆమె మాట సగంలో ఆగిపోయింది. దుప్పట్ల అడుగున కాగితం గుర్తొచ్చింది.

హినెర్క్ లేచాడు. ఆమె చెయ్యి తీసుకుని తన మోచేతి వంపులో పెట్టుకున్నాడు. “ముందు మూడు మెట్లున్నాయి. చివరిది పొట్టిది.”

“వదులు. దాని చెయ్యి పడ్డ మోచెయ్యి నాకక్కర్లేదు.”

అతను వదల్లేదు.

“నీ చూపు పోతోందని డాక్టరు రాసిన కాగితం నేనూ చదివాను.”